ఇంజను కడిగిన నీళ్ళు

మట్టిబొమ్మ ముక్కులో ఊపిరి ఊదిన దేవునికి స్తోత్రం. ఎండిన బండలోంచి నీళ్ళు పుట్టించినవానికి, నిప్పుకూ నీటికీ పొత్తు కుదిర్చి పని నేర్పినవానికి, నా ముసలి మోకాళ్ళను ఇంకా తన సన్నిధికి నడిపిస్తున్నవానికి స్తోత్రం. ఆయన చేసిన మేళ్ళు ఎన్నని చెప్పను. ఒక్కటి మాత్రం ఇక్కడ చెప్పుకుంటాను. అది నా చిన్నప్పుడు, మా రాయచూరు రైల్వే కాలనీలో, ఒక ఇంజను చేత చేయించిన మేలు.

ఈ మధ్య మా ఊళ్ళో ఒక పాత ఆవిరి ఇంజనును తెచ్చి, అందరూ చూడడానికని సిమెంటు దిమ్మె మీద నిలబెట్టారు. ఆరాధన ముగిసి చెప్పులు వేసుకుంటుండగా ఎవరో ఆ మాట చెప్పారు. ఇంటికి పోయి అన్నం తినాలన్న సంగతి మరిచి, మనవరాలి చెయ్యి పట్టుకుని నేరుగా అక్కడికే నడిచాను.

నల్లగా నిగనిగలాడుతోంది. మొహానికి ఎర్ర రంగు వేశారు, ఇత్తడి అంచులు తోమారు. చుట్టూ ఇనుప కంచె, లోపల పూలమొక్కలు. పెద్ద చక్రాలు నా భుజాల ఎత్తున ఉన్నాయి. ఎన్నేళ్ళయినా ఆ ఠీవి పోలేదు. మనవరాలు మెడ వెనక్కి వంచి చూసి, "అమ్మమ్మా, గిది నిజంగ నడిచేదా?" అంది. నడవడమే కాదు, ఊపిరి పీల్చేది అన్నాను.

ఒక్కటే లోటు, వాసన లేదు. కొత్త రంగు వాసన తప్ప బొగ్గు లేదు, కాగిన నూనె లేదు, తడి బూడిద లేదు. కంచె తలుపు తీసి ఉంటే లోపలికి పోయి, ఇంజను కింద దేనికోసమో వంగి చూస్తున్నాను. కాపలాదారు గొడుగు కింద నుంచే "ముట్టబ్యాడ్రీ అమ్మా" అని ముట్టవద్దన్నాడు. నేను డ్రైవరు కూతురినయ్యా అని కన్నడంలోనే చెప్పాను. ఆయన లేచి వచ్చి నన్నొకసారి చూసి, "హంగాదర ముట్ట్రి", అట్లయితే ముట్టండి అని పక్కకు జరిగాడు. అరచెయ్యి ఆనించాను. చల్లగా ఉంది. చల్లటి ఇంజనును ముట్టుకోవడం నా జన్మలో అదే మొదటిసారి.

*

మా నాయన ఇంజను డ్రైవరు. కాలనీ గోడకు ఆనుకునే ఇంజన్ల షెడ్డు. మా ఇళ్ళ గోడలు నలుపు, వేపచెట్టు ఆకులు నలుపు, మా పిల్లలం తుమ్మితే అదీ నలుపే. షెడ్డులోంచి బండి బయటికి వచ్చే శబ్దం వినగానే ఆడవాళ్ళంతా చేతిలో పని వదిలి దండేల మీది బట్టల కోసం పరుగెత్తేవాళ్ళు. ఆదివారం గుడికి కట్టుకోవాల్సిన తెల్లచీరలైతే మా అమ్మ ఇంట్లోనే మంచాల మీద ఆరేసేది. మా సంఘంలో ప్రార్థనకు ముందు ఒకరి చెవుల వెనక మసి ఒకరు చూసి చీరకొంగుతో తుడవడం ఒక ఆచారం లాంటిది. అలా తుడిచాకే వందనాలు చెప్పుకునేవాళ్ళు.

నాయన డ్యూటీకి పోయేటప్పుడు అమ్మ జొన్నరొట్టెలు, పుండికూర, శేంగల పొడి మూట కట్టేది. పుండికూర అంటే గోంగూరే, శేంగలంటే పల్లీలు, మా వైపు ఆ పేర్లు. బండి మీద రొట్టె మాత్రమే ఇంటిది, గుడ్డు ఇంజనుదే. బొగ్గు వేసే పారను వేడినీళ్ళతో కడిగి, దాని మీద గుడ్లు పగలగొట్టి, పొయ్యి నోట్లో పెట్టి తీస్తే క్షణంలో ఉడికిపోయేవట. నాయన ఆ సంగతి చెబుతుంటే మాకు నోరూరేది. మేము కూడా మా వంతుగా గెనుసుగడ్డలు తీసుకుపోయి, ఇంజన్లు దులిపిన బూడిద కుప్పలో పూడ్చేవాళ్ళం. బూడిద ఎత్తే తాత చూడనట్టే తిరిగి నిలబడేవాడు. గడ్డలు మెత్తబడి తీపి వాసన రాగానే మాత్రం ఇటు తిరిగి, అన్నిటికంటే పెద్దది తనకు తీసుకునేవాడు.

ఇంకొక సౌఖ్యం వేడినీళ్ళు. షెడ్డు బయట ఇంజను ఆగి ఉన్నప్పుడు బకెట్లు పట్టుకుపోతే, లోపలున్నవాళ్ళు ఒక పిడి తిప్పేవాళ్ళు. మెట్ల కింద గొట్టంలోంచి బుస్సుమని ఆవిరి, దాని వెనక సలసలా నీళ్ళు. మా కాలనీలో కట్టెలు పెట్టి స్నానానికి నీళ్ళు కాచిన ఇల్లు నేను చూడలేదు.

ఆ నీళ్ళకు నాతో మా అవ్వ వచ్చేది. అవ్వ నాయనకు అమ్మ. దగ్గరి పల్లె మట్మారిలో పొలం పనులు చేసుకుని బతికింది, తాత పోయాక మా దగ్గరికి వచ్చింది. అవ్వకు ఆయాసం. చలి వస్తే రాత్రంతా గోడకు ఆనుకుని కూర్చునేది. బకెట్ మోయలేదు కాబట్టి నీళ్ళకని రావడం పేరుకే. గొట్టం దగ్గర ఆవిరి లేచేచోట నిలబడి, కొంగు తల మీదుగా గుడారంలా లాక్కుని, లోపల మెల్లగా ఊపిరి తీసేది. కొంత సేపటికి గొంతులో పిల్లికూతలు తగ్గి, మొహం తేటపడేది. ఇంజను వైపు గౌరవంగా చూసి, "అది గూడ నా లెక్కనే బిడ్డ. ఎత్తు ఎక్కనీకి ఆయాసపడ్తది. అయినా బండిని ఇడిసిపెట్టదు సూడు" అనేది.

*

అవ్వ మట్మారిలో ఉండగా గుడి మొహం చూడలేదు. మా ఇంటికి వచ్చాక సాయంత్రాలు నేను లాంతరు దగ్గర కూర్చుని వాక్యం చదివితే వినేది. నాకు ఆదివారపు బడిలో కంఠతా పెట్టమన్న వచనాలు నాకంటే ముందు అవ్వకు వచ్చేవి. మొదట పాటల కోసం గుడికి వచ్చింది, తర్వాత ప్రసంగం కోసం, తర్వాత ప్రభువు కోసమే. కానీ మా సంఘంలో నీళ్ళలో మునిగి బాప్తిస్మం పొందినవాళ్ళకే ప్రభువు బల్లలో చెయ్యి, అంటే రొట్టె ముక్క తీసుకునే హక్కు. నెలకొకసారి రొట్టె పళ్ళెం వరుస వెంట వచ్చేది. అవ్వ ఆ పళ్ళాన్ని రెండు చేతులా అందుకుని, తల వంచి, రొట్టెకు వేలు తగలకుండా పక్కావిడకు అందించేది. చిన్నదాన్ని కాబట్టి నాకూ లేదు. పళ్ళెం దాటిపోయాక అవ్వ తన నడుము సంచిలోంచి బెల్లం ముక్క తీసి నా చేతిలో పెట్టి, చెవిలో, "మనిద్దరి బల్ల ఇది" అనేది.

నేను బెల్లం చప్పరిస్తూ సంతోషించేదాన్ని. అవ్వ మాత్రం పళ్ళెం వెళ్ళినంత దూరం దాన్నే చూసేది.

ఆ చలికాలం ఆయాసం బాగా ముదిరింది. ఆసుపత్రి డాక్టరు చల్లటి నీళ్ళు మీద పడితే గుండె ఆగుతుందన్నాడు. అవ్వ బాప్తిస్మం అడిగితే, ఎండాకాలం దాకా ఆగమని అందరూ చెప్పారు. ఎండాకాలం మా కాలనీలో తాగడానికే నీళ్ళు దొరకవు, గుడిలో బాప్తిస్మపు తొట్టి ఎక్కడ నిండుతుంది. పైగా ఇంకొక ఎండాకాలం చూస్తానన్న నమ్మకం అవ్వకు లేదు. ఇళ్ళల్లో కాచి పోద్దామంటే, తొట్టి నిండేలోపల మొదటి బిందె చల్లారిపోతుంది.

మా అయ్యగారు కాలువల వైపు స్థిరపడిన కోస్తా కుటుంబం నుంచి వచ్చిన దైవసేవకుడు, మెత్తటి మనిషి. ఇంటికి వచ్చి, రోగులకైతే నీళ్ళు చల్లి బాప్తిస్మం ఇచ్చినా దేవుడు కాదనడండీ అని నచ్చజెప్పారు. అవ్వ గోడకు ఆనుకునే ఉండి, ఊపిరి కూడదీసుకుని, "నీళ్ళు సల్లనీకి నేనేమన్న తమలపాకునా అయ్యగారూ?" అంది. అయ్యగారు నవ్వు ఆపుకోలేకపోయారు. నాయన మాత్రం నవ్వలేదు. చల్లించుకుంటే చల్లించుకో, మునగడం నేను ఒప్పుకోను అని లేచిపోయాడు.

అవ్వకు ఒక ఆలోచన మరునాడు గొట్టం దగ్గర, కొంగు గుడారంలో వచ్చింది. బయటికి తల పెట్టి, ఇంజను కడిగే దినం ఎప్పుడని నన్ను అడిగింది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఇంజను కొన్నాళ్ళు తిరిగితే దాని కడుపులో నీళ్ళలోని సున్నం, మట్టి పేరుకుంటాయి. అప్పుడు నిప్పు తీసేసి, కింద మూత విప్పి, లోపలి నీళ్ళన్నీ వదిలి కడుగుతారు. ఆ వేడినీళ్ళు అలాగే కాలువలో పడి పోతాయి. నాయన ఇంజనుకు ఆ వారంలోనే కడుగుడు ఉంది.

అవ్వ ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. నా భుజం పట్టుకుని షెడ్డు ఫోర్‌మెన్ దగ్గరికే నడిచింది. ఆయన ముస్లిము, గొంతు గట్టిది. ఆయన కేక వింటే డ్రైవర్లే సిగరెట్లు పారేసేవాళ్ళు. అవ్వను చూసి కుర్చీ తెప్పించి, ఏం కావాలని అడిగాడు.

"మీ ఇంజను తానం చేసిన నీళ్ళు కావాలె సాబు," అంది అవ్వ.

ఆయనకు అర్థం కాలేదు. అవ్వ ఆగి ఆగి, దగ్గి దగ్గి, తొట్టి సంగతీ రొట్టె పళ్ళెం సంగతీ అంతా చెప్పింది. ఆయన గడ్డం నిమురుకున్నాడు.

"మోరీల పొయ్యే నీళ్ళకు నా ఇజాజత్ ఎందుకమ్మా? మేం గూడ కడుక్కోంది నమాజుకు నిలబడం. తీస్కపో," అన్నాడు. అవ్వ లేచేలోపల మళ్ళీ, "కానీ ఒక్క మాట. ఆ బండి నీ కొడుకుది. ఆయన హా అంటెనే మూత ఇప్పిస్త. రేపు నీకేమన్నయితె ఆయన మొహం నేను సూడలేను," అన్నాడు.

ఆ సాయంత్రం నాయన చేతులకు కిరసనాయిలు రాసి మసి వదిలించుకుంటుంటే, అవ్వ ఎదురుగా కూర్చుంది. ఫోర్‌మెన్ దగ్గరికి పోయివచ్చానని చెప్పింది. నాయన గుడ్డ కింద పడేశాడు.

"నా బండి నీళ్ళతోని, నా చేతులతోని నిన్ను సంపుకోవాల్నా అమ్మా?"

అవ్వకు కోపం రాలేదు. ఊపిరి అందినంత మటుకు మాట్లాడింది. "దాని కడుపుల మట్టి పేరుకుంటె అది ఎత్తు ఎక్కదని కడుగుతవు గద కొడుకా. నేను గూడ ఎత్తుకే పోతున్న. నన్నెందుకు కడగకుండ తోలుతవు?"

నాయన కిందపడ్డ గుడ్డ తీసుకుని, అప్పటికే మసి పోయిన చేతులను చాలాసేపు తుడుచుకున్నాడు. తర్వాత మా అమ్మతో, గుడి తొట్టికి పగుళ్ళు ఏమైనా ఉన్నాయేమో చూడమని మాత్రం అన్నాడు.

*

కడుగుడు పనిదినాన వచ్చింది. అందుకని బాప్తిస్మం కూడా పనిదినానే పెట్టారు. అలాంటి సంఘాన్ని నేను మళ్ళీ చూడలేదు. డ్యూటీ దిగినవాళ్ళు దిగినట్టే, నీలం చొక్కాలతో, మొహాల మీద పళ్ళూ కళ్ళూ తప్ప ఏమీ కనిపించకుండా వచ్చారు. షెడ్డు గోడలో ఒక సందు ఉంది, దానికి ఇవతలే మా గుడి. ఆ సందు పొడుగునా బిందెలు, బకెట్లు, డబ్బాలు చేతులు మారాయి. హిందువులు, ముస్లిములు, బూడిద తాత, అందరూ వరుసలో ఉన్నారు. నాయన మూత విప్పించగానే ఆవిరి గోడ ఎక్కి గుడి కిటికీల్లోకి వచ్చింది. నీళ్ళు చల్లారకముందే చేర్చాలన్న తొందర. ఎవరో పాట ఎత్తుకున్నారు, ఆ పాట లయకే బిందెలు నడిచాయి.

ఆ తొందరలోనే పొరపాటు జరిగింది. ఇంజను కడిగేటప్పుడు మొదటి నీళ్ళు వదిలేయాలి. సున్నం, తుప్పు, సోడా అంతా వాటితోనే వస్తుంది. కాసేపటికి తేరిన నీళ్ళు వస్తాయి. ఆ సంగతి తెలియని మనిషి ఆ వరుసలో ఒక్కడూ లేడు. అయినా అందరూ మొదటి నీళ్ళే పట్టారు. ఒక్కరికైనా రంగు కనపడలేదు. బిందెలు నలుపు, చేతులు నలుపు, సిమెంటు తొట్టి నలుపు. నల్లటి లోకంలో బతికే మాకు నీళ్ళ రంగు చూడడం అలవాటే లేదు. అయ్యగారు మోచెయ్యి ముంచి, పసిబిడ్డకు పోయదగ్గ వేడి ఉందని చెప్పారు, అంతే.

అవ్వ తెల్లచీర కట్టుకుని వచ్చింది. అంతమందిలో తెల్లగా ఉన్నది ఆమె ఒక్కతే. అమ్మ ఒక పక్క, అయ్యగారు ఒక పక్క పట్టుకుని తొట్టి మెట్లు దింపారు. నడుము లోతు దిగేసరికి చీర కుచ్చిళ్ళు తేలాయి. అప్పుడు అందరం చూశాం. చీర ఇటుక రంగుకు తిరుగుతోంది. ఎరుపు కాదు, గోధుమ కాదు, పాత రైలుపట్టా మీది తుప్పు రంగు. అది కొంగు వరకూ పాకుతోంది.

పాట ఆగిపోయింది. అయ్యగారి మొహం వాడిపోయింది. దేవుని పనికి ఈ నీళ్ళు తగవండీ, తొట్టి కడిగి మళ్ళీ నింపుదామన్నారు. మళ్ళీ నింపాలంటే ఇంజనులో నీళ్ళు లేవు. మిగిలింది చల్లటి కుళాయి నీళ్ళు, లేదా ఇంకొక కడుగుడు దినం. నాయన తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు. ఇప్పుడైనా బయటికి తీసుకురండి అంటాడేమోనని నేను భయపడ్డాను.

అవ్వ నీళ్ళలోనే నిలబడింది. ఆవిరి ఆమె మొహం చుట్టూ లేస్తోంది. ఊపిరి తేలిగ్గా ఆడుతోంది కాబోలు, మధ్యలో ఆగకుండా మాట్లాడింది.

"అయ్యగారూ, నేను మురికి పోగొట్టుకోనీకి వచ్చిన్నా, చీర సూపెట్టుకోనీకి వచ్చిన్నా? యొర్దాను నీళ్ళేమన్న తేటగుండెనా? ముంచుండ్రి."

కుష్ఠు పోవాలంటే యొర్దానులో మునగమంటే, మా దేశపు నదులు ఇంతకంటే మంచివి కావా అని అలిగిన సేనాధిపతి కథ నేనే లాంతరు దగ్గర చదివి వినిపించాను. అవ్వ దాన్ని అక్కడ దాచిపెట్టుకుందని నాకప్పుడు తెలిసింది. అయ్యగారికీ ఆ కథే తట్టి ఉండాలి. ఇంకేమీ అనకుండా ఎడమచెయ్యి ఆమె వీపుకు అడ్డం పెట్టి, తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామమున ముంచారు.

నీళ్ళు ఆమె మీద కలిసిపోయాయి. లేపారు. కళ్ళు మూసుకునే ఉంది. నోరు తెరుచుకుంది, ఊపిరి రాలేదు. ఎత్తు మీద ఆగబోయే ఇంజను మోత వినేవాడిలా నాయన తల వంచి చెవి పెట్టాడు. అప్పుడు అవ్వ గుండెలోంచి ఒక పెద్ద దగ్గు వచ్చింది, దాని వెనక ఊపిరి వచ్చింది, మళ్ళీ ఒకటి, మళ్ళీ ఒకటి. నాయన అక్కడే, గడప మీదే, మోకాళ్ళ మీదికి జారిపోయాడు.

గోడ సందులోంచి ఫోర్‌మెన్ సాబు గొంతు అమ్మకు ఎట్లున్నదని అడిగింది. మంచిగున్నదని చెబితే, "షుకర్ హై" అని దేవునికి వందనం చెప్పి, ఇక పనికి నడవండని తన వాళ్ళ మీద అరిచింది.

*

అవ్వకు పొడిచీర మార్చి కంబళి కప్పారు. అయ్యగారు నెలాఖరు దాకా ఆగలేదు, అప్పుడే బల్ల సిద్ధం చేశారు. పళ్ళెం వరుస వెంట వచ్చింది. అవ్వ రెండు చేతులా అందుకుని, అలవాటు కొద్దీ పక్కావిడకు ఇవ్వబోయి, ఆగింది. ఒక ముక్క తీసుకుంది. ఉన్న నాలుగు పళ్ళతో నమిలింది. అయ్యగారు ప్రార్థన మొదలుపెట్టకుండా, ఆమె నమలడం అయ్యేదాకా ఎదురుచూశారు. అంతమంది మసిమనుషులు, డ్యూటీ వేళ దాటిపోతున్నా, కదలలేదు.

మింగాక అవ్వ అమ్మ వైపు తిరిగి, "ఉప్పు లేదు," అంది. కాసేపు ఆగి, "అయినా కడుపు నిండింది," అంది.

నేను ఒంటరిదాన్నయిపోయానని నాకు ఏడుపు వచ్చింది. మా ఇద్దరి బల్ల ఇక లేదనుకున్నాను. ఇంతలో కంబళి కిందినుంచి ఒక ముడతల చెయ్యి బయటికి వచ్చింది. అందులో బెల్లం ముక్క ఉంది.

అవ్వకు ఆయాసం పోలేదు. అబద్ధం చెప్పను. కానీ ఆ ఎండాకాలం చూసింది, ఆ తర్వాత కూడా కొన్ని చూసింది. ప్రతి బల్లకూ చెయ్యి చాపింది. ఆ తుప్పు మరక మాత్రం అమ్మ ఎంత ఉతికినా పోలేదు. నేను పోతే నన్ను దాంట్లోనే చుట్టమని అవ్వ ముందే చెప్పి ఉంచింది. సంఘంలో అందరినీ తెల్లబట్టలో సాగనంపడం ఆచారం. ఆ దినం నాయన పెట్టె తెరిచి ఇటుకరంగు చీర తీస్తే, ఎవరూ వద్దనలేదు. ఫోర్‌మెన్ సాబు కూడా మట్టి వేయడానికి వచ్చాడు.

తర్వాత డీజిలు బండ్లు వచ్చాయి. వాటికి ఊపిరి లేదు, హోరు తప్ప. షెడ్డు మూసేశారు, కాలనీవాళ్ళను తలా ఒక ఊరికి మార్చారు, గోడ సందు పూడ్చేశారు. ఆ మసి సంఘం ఇప్పుడు ఏయే ఊళ్ళల్లో తెల్లబట్టలతో కూర్చుంటుందో నాకు తెలియదు. దేవునికి తెలుసు.

దిమ్మె మీది ఇంజను కింద నేను వెతికింది ఆ మూతనే. దొరికింది. దాని మీద కూడా నల్లరంగు పూసేశారు. ఇది నాయన నడిపిన బండేనా కాదా చెప్పలేను. గోటితో కాస్త గీకితే రంగు కింద అదే తుప్పు కనిపించింది, అవ్వ కొంగు రంగు. మనవరాలు నా వేలు పట్టుకుని, మరక అంటింది తుడుచుకో అమ్మమ్మా అంది. తుడుచుకోలేదు. నా సంచిలో బెల్లం ఉంటే దాని చేతిలో పెట్టి, పక్కన దిమ్మె మీద కూర్చుని ఈ కథంతా చెప్పాను. కాపలాదారు కూడా విన్నాడు.

ఇంతదూరం నాతో వచ్చిన మీరు కూడా ఒక్క నిమిషం తల వంచండి. ఊపిరి అందక ఈ పూట గోడకు ఆనుకుని కూర్చున్నవాళ్ళ కోసం అడుగుదాం. పళ్ళెం తమను దాటిపోతుంటే చూస్తూ కూర్చున్నవాళ్ళ కోసం అడుగుదాం. దేవుణ్ణి మన భాషలో పిలవకపోయినా మనకు నీళ్ళు వదిలిన మంచివాళ్ళ కోసం, వాళ్ళ పిల్లల కోసం అడుగుదాం. ప్రభువా, మా కడుపుల్లో పేరుకున్నదాన్ని నీవే కడుగు, ఎత్తు ఎక్కేదాకా మమ్మల్ని విడిచిపెట్టకు అని నేను అంటాను. ఆమేన్ మాత్రం మీరు నాతో కలిసి అనండి.